సముద్రం తినలేని కడ్డీ

మా పూర్వీకులు బారువ దగ్గర సముద్రంలో వల వేసి బతికారట. తరవాతివాళ్ళు వల వదిలేసి ఖరగ్‌పూర్ వచ్చి రైలు వర్క్‌షాపులో సుత్తి పట్టారు. నా దాకా వచ్చేసరికి మా వంశంలో సముద్రం ఎంత మిగిలిందంటే, కట్టేసి ఉన్న పడవ ఎక్కినా సరే నాకు వాంతి అవుతుంది. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. ఖరగ్‌పూర్‌లో మా పేట పూరీ గేట్‌లో అందరికీ తెలిసిందే కాబట్టి నేనే ముందు చెప్పేసుకుంటే పరువు కాస్త దక్కుతుందని ఆశ.

నా పేరు నాగభూషణం. రైలింజన్లు బాగుచేసే డీజిల్ షాపులో ఫిట్టరుగా చేరి, అక్కడే జుట్టు తెల్లబడి, మొన్నామధ్య రిటైరయ్యాను. రిటైరయినవాళ్ళు కొందరు గుళ్ళ చుట్టూ తిరుగుతారు, కొందరు పేకాట నేర్చుకుంటారు. నేను అరిగిపోయిన వస్తువుల్ని వెతుక్కుంటూ తిరుగుతాను. అరిగినది కంటపడితే నాకు ఒళ్ళు మండుతుంది. అరిగిందంటే చేసినవాడికి పని రాదని నా సిద్ధాంతం. మా ఇంట్లో తలుపు బందులు, కత్తిపీట, ఉయ్యాల కొక్కెం అన్నీ నా చేతి పనే. ప్రతిదాని మీదా ‘ఎన్.బి.’ అని పంచ్‌తో కొట్టి ఉంటుంది. ఉయ్యాల కొక్కెం ఇప్పటికీ అరగలేదు. దాన్ని రాసుకుని రాసుకుని గొలుసు అరిగి తెగి, మా ఆవిడ సూర్యకుమారి కూర్చున్నది కూర్చున్నట్టే కింద పడింది. గొలుసు నాసిరకమని ఆమెకి వివరంగా చెప్పాను. ఆమె నడుం పట్టుకుని వింది.

ఆమె తమ్ముడు జగ్గారావు మాలో ఎవరూ చెయ్యని పని చేశాడు. రైల్లో ఉద్యోగం రాకపోతే సముద్రం ఒడ్డున ఉన్న దీఘా వెళ్ళి, చేపల వేటకి పోయే ట్రాలర్ మీద వల లాగే పనిలో చేరాడు. ఏళ్ళ తరబడి లాగాడు. ఈ ఏడు పడవ యజమాని బిమల్ బాబు అతన్ని మాఝీని చేశాడు. మాఝీ అంటే సముద్రంలో ఉన్నంతసేపూ పడవకి అతనే పెద్ద. ఇంజను దగ్గర్నుంచి మనుషుల ప్రాణాల దాకా అతనిదే పూచీ. అయితే బిమల్ బాబు ముందే ఒక మాట అన్నాడట. తొలి సీజను ఏ గొడవా లేకుండా నడిపితే మాఝీగా ఉంటాడు, లేకపోతే మళ్ళీ పోయి వల లాగుతాడు.

వేట నిషేధం ఉన్న రోజుల్లో పడవలన్నీ ఒడ్డున ఉంటాయి, ఇంజన్లు విప్పుతారు. తమ్ముడి ఇంజను ఒకసారి చూసి రమ్మని సూర్యకుమారే నన్ను పంపింది. చూసి రమ్మన్నానే గానీ చెయ్యి పెట్టమన్లేదని ఇప్పుడంటుంది. ఆ తేడా అప్పుడు నాకు తట్టలేదు.

దీఘాలో దిగి, ముక్కుకి రుమాలు కట్టుకుని పడవ ఎక్కాను. ఇంజను బాగానే ఉంది. నాకు చాలా నిరాశ కలిగింది. అప్పుడు కూలర్ కనపడింది. అది ఇంజను నీళ్ళని చల్లబరిచే డబ్బా. లోపల సన్నటి గొట్టాలుంటాయి. గొట్టాల్లోంచి సముద్రపు నీరు పోతుంది, వాటి చుట్టూ ఇంజను వేడెక్కించిన మంచినీరు తిరుగుతుంది. వేడి మారాలి గానీ నీళ్ళు కలవకూడదు. ఆ డబ్బాకి ఒక పక్క చిన్న బిరడా ఉంటే తిప్పాను. దాని చివర బూడిదరంగు కడ్డీ ఒకటి, సగానికి సగం తినేసినట్టై, చెదపట్టిన కర్రముక్కలా ఊడి వచ్చింది.

“ఇదేట్రా జగ్గా, ముట్టుకుంటే రాలిపోతంది?” అన్నాను.

“అది జింకు బావా. అది తినబడితేనే మంచిదట. పాత మాఝీ సెప్పినాడు.”

“తినబడ్డానికి ఇంజన్లో సామాను పెడతార్రా ఎవులైనా? నాను డీజిల్ షాపులో తల నెరిసినోణ్ణి.”

అతను ఇంకేదో అనబోయి ఆగిపోయాడు. అక్క మొగుణ్ణి కదా, నా మాటకి ఎదురు చెప్పడం వాళ్ళింట్లో లేదు. ఆ మర్యాద నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. రైలింజన్లలో మేం వాడేది మందు కలిపిన మంచినీళ్ళు. ఉప్పునీళ్ళు నా సర్వీసంతా వెతికినా ఏ ఇంజన్లోనూ కనపడలేదు. ఆ సంగతి ఆ పూట నాకెందుకు గుర్తు రాలేదంటే, అప్పటికే నేను ఆ కడ్డీ కొలతలు తీసుకుంటున్నాను.

ఖరగ్‌పూర్ తిరిగొచ్చి ఝపటాపూర్‌లో ఏలియా లేత్ షాపుకి పరుగెత్తాను. మేలైన స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ తెప్పించి, అచ్చం ఆ కొలతకే దింపించాను. దేనికని అతను అడిగాడు. సముద్రానికి బుద్ధి చెప్పడానికన్నాను. ఏలియా నాకేసి ఒకసారి చూసి మళ్ళీ లేత్ తిప్పుకున్నాడు. పాలిష్ పట్టాక అందులో నా మొహం కనపడింది. తల మీద ‘ఎన్.బి.’ కొట్టి, మళ్ళీ దీఘా పోయి, నా చేత్తోనే బిగించి వచ్చాను. జగ్గారావు పక్కనే నిలబడి పానా అందించాడు.

నిషేధం ఎత్తేశారు, పడవ వేటకి పోయింది. ఇలిశ చేపలు బాగా పడుతున్నాయని ఫోన్లు వచ్చాయి. అది నా కడ్డీ వల్లనే అని నాకు తెలుసు. పూరీ గేట్ టీ బడ్డీలో కూర్చున్నవాళ్ళందరికీ కూడా తెలిసేలా చేశాను.

విశ్వకర్మ పూజ రోజు మా వర్క్‌షాపులోకి కుటుంబాల్ని రానిస్తారు. రిటైరయినవాళ్ళం కూడా పోయి, ఒకప్పుడు పనిచేసిన మిషన్‌కి బొట్టు పెట్టి పువ్వు పెట్టి వస్తాం. ఆ రోజు పాత స్నేహితులు చుట్టూ చేరితే, సముద్రం తినలేని కడ్డీ ఈ ఊళ్ళో చేసినవాణ్ణి నేనొక్కణ్ణే అని చెబుతున్నాను. ప్రసాదం ఇంకా చేతిలోనే ఉంది. జగ్గారావు ఫోన్ చేశాడు. నడి సముద్రంలో ఇంజను వేడెక్కి ఆగిపోయిందట. అలల మీద అలాగే కొట్టుకుపోతుంటే వేరే ట్రాలర్‌వాళ్ళు తాడు వేసి లాక్కొచ్చారట. మనుషులు క్షేమం. బిమల్ బాబు ఒడ్డుకి వస్తున్నాడట.

“నువ్వొకసారి రావాలి బావా” అన్నాడు.

నేను సూర్యకుమారికి చెప్పాను. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పడవ మీద ఉన్నవాళ్ళందరి పెళ్ళాల పేర్లూ ఆమెకి తెలుసు. నాకు కూలర్ కొలతలు తెలుసు.

దీఘా బస్సులో కూర్చున్నంతసేపూ తప్పు ఎవరి మీద వెయ్యాలా అని ఆలోచించాను. కల్తీ డీజిలు, చెత్త పంపు, తలతిక్క డ్రైవరు. చాలామంది దొరికారు. పడవ ఎక్కి, కడుపులో తిప్పుతున్నా బిగబట్టుకుని, ముందు నా బిరడా విప్పాను. కడ్డీ బయటికొచ్చింది. గీతైనా పడలేదు, పెళ్ళికూతురి ముక్కుపుడకలా మెరుస్తోంది.

“సూసినావా” అన్నాను జగ్గారావుతో. “దీనికేటైనా అయిందేట్రా?”

అతను కూలర్ మూత నా చేతికిచ్చాడు. లోపలివైపు పుళ్ళు పడ్డట్టు గుంటలు. వేలితో నొక్కితే వేలు అవతలికి పోయింది. గొట్టాల మొదళ్ళలో అతుకులు తినబడి, ఉప్పునీరు మంచినీళ్ళలో కలిసి, ఇంజను నిండా పారింది. అప్పుడు చెప్పాడు, నన్ను నొప్పించకుండా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. ఉప్పునీటికి ఎప్పుడూ ఏదో ఒక లోహం కావాలట. మెత్తటి జింకు ముక్క ముందుంటే దాన్ని తింటూ మిగతావాటి జోలికి పోదట. అందుకే ఎప్పటికప్పుడు జింకు మారుస్తారు. నేను పెట్టినదాన్ని తినలేక అది పక్కనున్నవన్నీ తింది. నా స్టీలు వాటిని ఇంకా తొందరగా తినిపించింది కూడా.

ఇంతలో బిమల్ బాబు పడవలోకి వచ్చాడు. వల లాగేవాళ్ళు వెనక నిలబడ్డారు. కూలర్ మూత చూసి, నా చేతిలో కడ్డీ చూసి, జింకు బదులు దీన్ని పెట్టిందెవరని బెంగాలీలో అడిగాడు. జగ్గారావు నా చేతిలోంచి కడ్డీ తీసుకున్నాడు. తీసుకుని, అక్షరాలు కనపడకుండా దాని తలని గుప్పిట్లో మూసేశాడు.

“నేనే పెట్టించాను బాబూ” అన్నాడు.

నిజం చెప్పాలంటే, నాకు హాయిగా అనిపించింది. కాసేపే, కానీ అనిపించింది. నా పేరు పడని వస్తువు లోకంలో ఒక్కటైనా ఉండకూడదని తిరిగినవాణ్ణి, ఆ గుప్పిట తెరుచుకోకూడదని కోరుకున్నాను. తరవాత బిమల్ బాబు వెనక నిలబడ్డవాళ్ళ మొహాలు చూశాను. వాళ్ళు తమ మాఝీకేసి చూస్తున్నారు. వాళ్ళకేసి చూడలేక జగ్గారావు కింద చెక్కల్ని చూస్తున్నాడు. ఇన్నేళ్ళు వల లాగి సంపాదించుకున్న పేరు నా అక్షరాలు కప్పడానికి ఇచ్చేస్తున్నాడు.

“సెయ్యి తెరువురా జగ్గా” అన్నాను.

తెరవలేదు. నేనే అతని వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి, కడ్డీ తీసి, బిమల్ బాబు ముందు పెట్టి, ఎన్.బి. అంటే నాగభూషణం, ఆ గాడిదని నేనేనని నాకొచ్చిన బెంగాలీలో చెప్పాను. జింకు తినబడాలని జగ్గారావు చెప్పాడని, నేనే వినలేదని కూడా చెప్పాను. బిమల్ బాబు నన్ను పైనుంచి కిందదాకా చూసి, రైల్వేలో చేశారా అని అడిగాడు. అవునన్నాను. ఆయనకి అంతా అర్థమైనట్టు తలూపాడు.

వేడెక్కుతోందని తెలియగానే జగ్గారావు ఇంజను ఆపేశాడట. మరెవరైనా అయితే ఒడ్డుకి చేరదామని తోలి, ఇంజన్ని మాడ్చేసేవారని వెనకున్న డ్రైవరు అందుకున్నాడు. అలా ఆపబట్టే ఇంజనూ బతికింది, మనుషులూ తిరిగొచ్చారు. బిమల్ బాబు జగ్గారావే మాఝీ అన్నాడు. ఒక్కటే షరతు, ఈ దాదా ఇక నా పడవ ఎక్కకూడదు. నేనప్పటికే అంచు మీద వంగి వాంతి చేసుకుంటున్నాను. దాన్ని ఒప్పుకోలు కింద తీసుకున్నారు.

ఆ కడ్డీ ఇప్పుడు మా వంటింట్లో ఉంది. సూర్యకుమారి టీలోకి అల్లం దంచుతుంది. ఎంత దంచినా అరగదు.

కాళీపూజ వెళ్ళాక జగ్గారావు ఇలిశ చేప పట్టుకుని వచ్చాడు. జేబులోంచి కాగితం పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. కూలర్ బాగుచేయించాక అందులో పెట్టి తీసిన జింకు ముక్క, గుంటలు పడి, సగం అయిపోయి ఉంది. “బాగా తినబడింది బావా” అన్నాడు సంతోషంగా. అరిగిన వస్తువు చూసి నా ఒళ్ళు మండకపోవడం అదే మొదటిసారి. దాన్ని అటూ ఇటూ తిప్పి సూర్యకుమారికి చూపించి, జింకు ఏం చేస్తుందో, స్టీలు ఏం చేస్తుందో, అంతా నేనే కనిపెట్టినట్టు వివరించాను.

ఆమె దంచడం ఆపకుండా వింది. తరవాత ఆపింది.

“అయితే ఈ మెరిసే కడ్డీవి నువ్వే గదయ్యా. నువ్వు అరక్కుండా ఉన్నావు, పక్కనున్నోళ్ళం తినబడినాం. అక్కడ ఆడు, ఇక్కడ నాను.”

నవ్వుతూ అనలేదు, కోపంగానూ అనలేదు. జగ్గారావు చేప సంచీ సర్దుకోవడంలో పడ్డాడు. గొలుసు నాసిరకమని నా నోటిదాకా వచ్చింది. ఆమె ఒక చేత్తో నడుం పట్టుకుని ఉంది, ఉయ్యాల తెగినప్పటి నుంచీ అలాగే పట్టుకుంటోంది. అది నేను రోజూ చూస్తూనే ఉన్నాను.

ఆమె చేతిలోంచి కడ్డీ తీసుకుని, పీట వేసుకుని కూర్చుని, అల్లం దంచడం మొదలుపెట్టాను. ఆమె వంగి చూసింది.

“ఇంకా మెత్తగా అవ్వాల” అంది.

దంచుతున్నాను.