జలంధర్ వెనక్కు తీసుకున్న మాట

దోహాలో ముషైరిబ్ మెట్రోకు నాలుగు వీధుల అవతల ఒక వేటతుపాకుల దుకాణం ఉంది. దాని వెనుకగదిలో జలంధర్ పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాడు. కోరుట్ల దగ్గరి పల్లెలో పుట్టి, పదిహేడేళ్ళు పటాలంలో తుపాకులు బాగుచేసి, పింఛను పుచ్చుకొని ఖతార్ చేరిన మనిషి. కొడుకేం చేస్తాడని అడిగినవారికి, గల్ఫ్ అంతా దుబాయే అనుకొనే తల్లి పోచవ్వ "దుబాయ్ల షేకుల తుపాకులు తోముతడు" అని ఒక్కముక్కలో తేల్చివేస్తుంది. ఆమెకు తెలియనిది ఒకటుంది: ఆ కొడుక్కు తుపాకి అంటే భయం.

ఆ భయం తిమ్మప్పతో మొదలైంది. తిమ్మప్ప పటాలంలో తోటి పనివాడు. ఒకనాటి ఉదయం ఒక రైఫిలుకు, పేలకుండా ఆపే సేఫ్టీ తీయగానే లోపల సన్నగా టిక్కుమన్నది. నూనె వేస్తే పోతుందిలెమ్మని జలంధర్ దానిని గూటిలో పెట్టాడు. మధ్యాహ్నం తూటా నింపిన అదే రైఫిలు, మీట మీద ఎవరి వేలూ లేకుండానే పేలింది. తిమ్మప్ప తొడయెముక నుగ్గయింది. నాటినుండి జలంధర్ ఏ తుపాకినైనా తేనెపట్టు తీసేవాడు చెట్టునెక్కినట్లు, ఊపిరి బిగబట్టి ముట్టుకుంటాడు.

ఆ సోమవారం సాయంకాలపు అసర్ నమాజు ముగిసిన కాసేపటికి బూ నాసర్ అనే ముసలి ఆసామి దుకాణానికి వచ్చాడు. మరుసటి వారం ఆఫ్రికాలో అడవిదున్నల వేటకు పోతున్నాడు. పెద్ద తూటా పేల్చే రైఫిలు కావాలి. యజమాని మూడింటిని బల్లమీద పరిచాడు. ఒకటి మరీ తేలిక. అంత తూటాను పేలిస్తే భుజం విరిగేటట్లు తంతుంది. రెండవది నల్లగా, మోటుగా, ఏ అలంకారమూ లేకుండా ఉంది. మూడవది పాతది, ఇరువైపులా వెండిరేకు, దానిపై పరుగెత్తే దుప్పులు. బూ నాసర్ చేయి సూటిగా దానిమీదనే వాలింది. పరీక్షించి తెమ్మని యజమాని దానిని వెనుకగదికి పంపాడు.

జలంధర్ గొట్టం ఖాళీగా ఉందని కంటితో చూశాడు, వేలు పెట్టి తడిమాడు. సేఫ్టీ వేసి మీటను గట్టిగా నొక్కి వదిలాడు. తరువాత సేఫ్టీ తీశాడు. నిశ్శబ్దం. మళ్ళీ చేశాడు. నిశ్శబ్దం. నాలుగవసారి తీయగానే, టిక్కు.

తూటాను కొట్టే సూది తనంతట తానే పడిన చప్పుడు, తిమ్మప్పనాటిదే. సరిగ్గా అప్పుడే తెర తొలగించి యజమాని తల లోపలికి పెట్టాడు.

"తమామ్?"

"తమామ్, అర్బాబ్."

అంతా బాగుంది అనే ఆ మాట జలంధర్ అనలేదు. పదకొండేళ్ళ అలవాటు అన్నది. అన్నం తిన్నావా అంటే తమామ్. జ్వరం తగ్గిందా అంటే, ఒళ్ళు కాలిపోతున్నా తమామ్. అర్బాబు, అంటే యజమాని ముందు ఇంకొక మాట పలికే కూలివాడు ఆ దేశంలో అరుదు. నోరు మూసుకునేలోగా యజమాని రైఫిలు అందుకొని వెళ్ళిపోయాడు.

వెనువెంటనే చాయ్ గ్లాసుతో ఖయ్యూమ్ వచ్చాడు. తాను బాబా అని పిలిచే బూ నాసర్ దగ్గర డ్రైవరు, కరీంనగర్ వాడు.

"ఏం అన్నా, గట్ల సెమటలు వట్టినయ్? ఏసీ నడుస్తలేదా?"

"నువ్వు గూడ వోతున్నవా ఆఫ్రికాకు?"

"పోకుంటె ఇడుస్తడా మా బాబా! సామాను మోసుకుంట ముంగట నేనే నడ్వాలెనట. ముంగటకెల్లి దున్నపోతు, ఎన్కకెల్లి బాబా. ఎవలు ముందు కొడ్తరో సూడాలె!" అని వాడు పకపక నవ్వాడు.

జలంధర్‌కు ఆ నవ్వులో తిమ్మప్ప కేక వినిపించింది. చెబితే, కొనేవాడి ఎదుట యజమాని పరువు పోతుంది. రేపే టికెట్టు చేతిలో పెట్టి ఇంటికి పొమ్మంటాడు. చెప్పకపోతే, ఖయ్యూమ్ వీపు. లేచి తెర దాటాడు.

"అర్బాబ్, తమామ్ కాదు. ఇది మంచిది కాదు."

యజమాని ముఖం కందిపోయింది. "ఇప్పుడే కదా తమామ్ అన్నావు?"

"తప్పయింది. భయపడి అన్నాను."

జలంధర్ రైఫిలు చేతికి తీసుకొని, వెంట వచ్చిన ఖయ్యూమ్‌ను భుజం పట్టి పక్కకు జరిపి, మూలనున్న ఇసుకతొట్టి వైపు గొట్టం తిప్పాడు. ఖాళీ అని అందరికీ చూపి పరీక్ష మొదలుపెట్టాడు. ఒకసారి, రెండుసార్లు, ఐదుసార్లు. చప్పుడు లేదు. యజమాని గడియారం చూసుకుంటున్నాడు.

"ఇడ్సిపెట్టన్నా, నౌకరి వోతది," ఖయ్యూమ్ గొణిగాడు.

ఆరవసారి కూడా లేదు. తాను విన్నది తిమ్మప్పనాటి చప్పుడేనేమో, తన భయమే టిక్కుమన్నదేమో అని జలంధర్‌కు సందేహం పుట్టింది. చెమటకు వేలు జారుతోంది. ఏడవసారి నొక్కి, వదిలి, సేఫ్టీ తీశాడు.

టిక్కు.

"ఏమిటా చప్పుడు?" అన్నాడు బూ నాసర్.

"తూటా ఉంటే, ఖయ్యూమ్ వీపు, బాబా," అన్నాడు జలంధర్.

ఖయ్యూమ్ చాయ్ గ్లాసును బల్లమీద పెట్టేశాడు. ముసలాయన వెండిదుప్పులను ఒకసారి నిమిరి, రైఫిలును బల్లమీద దూరంగా నెట్టివేశాడు.

"నీ తమ్ముడు ముందు నడిస్తే దేన్ని తీసుకుంటావు?"

జలంధర్ నల్లదానిని చూపాడు. బరువుగలది కనుక పేలినప్పటి తన్నును తట్టుకుంటుంది. ప్రతి తూటానూ వెనుక అంచున గోరుతో పట్టినట్లు పట్టుకొని లోపలికి నెట్టి, బయటికి లాగుతుంది కనుక దున్న మీదికి వచ్చినా ఇరుక్కోదు. దాని సేఫ్టీ ఒక్క మీటనే కాదు, తూటాను కొట్టే సూదినే బంధిస్తుంది.

బూ నాసర్ దానినే ఎంచుకున్నాడు. జలంధర్ ఇసుకతొట్టి వైపు తిరిగి పరీక్ష ఆరంభించాడు. ఇరవైసార్లు నిశ్శబ్దం.

"తమామ్?" యజమాని అడిగాడు. ఆ గొంతులో కోపం ఉందో లేదో పోల్చుకోవడం కష్టమైంది.

జవాబు నాలుక చివరికి వచ్చింది. జలంధర్ పెదవులు బిగించి, మళ్ళీ ఒకటినుండి లెక్క మొదలుపెట్టాడు.