ఆఫ్ నాడు పత్తి చేనులో

నేను రిటైర్ కావడానికి ముందు సంవత్సరం, దసరా పోయిన వారానికి, జనగామ నుంచి నన్ను మహబూబాబాద్ పంపారు. కానిస్టేబుల్ ఉద్యోగాలకు పోటీపడే పిల్లలకు మా శాఖ ఉచితంగా నడిపే శిబిరంలో పరుగు నేర్పడం నా డ్యూటీ. అప్పటికి నేను ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో హెడ్ కానిస్టేబుల్‌ని. పదో తరగతి గట్టెక్కడమే నా చదువు. మిగిలిందంతా పరేడ్ గ్రౌండ్‌లో నేర్చుకున్నదే. నా పైన ఆర్‌ఐ, అంటే రిజర్వ్ ఇన్‌స్పెక్టర్. శిబిరంలో ఉండే పిల్లలు గేటు దాటాలంటే ఆయన సంతకం పెట్టిన ఔట్‌పాస్ చేతిలో ఉండాలి.

ఆడపిల్లలు ఎనిమిది వందల మీటర్లు ఐదు నిమిషాల ఇరవై సెకన్లలోపు ఉరకాలి. అది తప్పితే ఇక ఇంటికే. వారానికి ఆరు రోజులు పరుగు, ఆదివారం ఆఫ్. ఆరు రోజులు నలిగిన కండలు, ఎముకలు ఆ ఒక్క రోజే సర్దుకుంటాయి. ఈ మాట చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది. అంతకుముందు భూపాలపల్లి శిబిరంలో టేకుమట్ల నుంచి వచ్చిన ఒకడు ఆఫ్ నాడు కూడా దొంగచాటుగా రోడ్డు మీద ఉరికి, కాలి ఎముకకు పగులు తెచ్చుకున్నాడు. పోటీకి రెండు రోజుల ముందు కట్టుతో ఇంటికి పోయాడు. అప్పటినుంచి సోమవారం పొద్దున ఎవరు కుంటినా నాకు అనుమానమే.

స్వరూపది దంతాలపల్లి పక్క పల్లె. వయసు పరిమితి ప్రకారం ఆమెకు అదే ఆఖరి అవకాశం. మొదటి వారం ఐదు నిమిషాల పది సెకన్లకే గీత దాటింది. నాకు దిగులు లేదనుకున్నాను. తర్వాతి సోమవారం ఐదు ఇరవై. ఆ పై సోమవారం ఐదు ముప్పై రెండు, పైగా మోకాలి కింద ఎముక నొప్పి. శనివారం సాయంత్రం ఔట్‌పాస్ తీసుకుని చెంగున ఇంటికి పోయిన పిల్ల సోమవారం ఈడ్చుకుంటూ వస్తోంది. ఇంటికాడ ఉరుకుతున్నావా అని నిలదీస్తే లేదంది. నమ్మలేదు. అందరి ముందూ అబద్ధాలకోరన్నాను. తల దించుకుంది గాని మాట మార్చలేదు.

మూడో సోమవారం హాజరు పుస్తకంలో సంతకం పెడుతుంటే ఆమె వేళ్లు చూశాను. గోళ్ల పక్కన అన్నీ సన్నటి గీతలు, కొన్ని ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఎండిన పత్తికాయ మొనలు గీరితేనే అట్లా అవుతుంది. మా ఇంట్లోనూ పత్తి చేను ఉండేది, నాకు తెలియనిది కాదు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా, నడుముకు ఒడి కట్టుకుని, ఆదివారమంతా వంగి పత్తి ఏరుతోంది. అడిగితే ఒప్పుకుంది, కూలీలు దొరకడం లేదట. మూడు వారాలుగా నేనిచ్చిన ఆఫ్ పత్తి చేనుకు పోయింది. అబద్ధాలకోరన్న మాట వెనక్కి తీసుకున్నాను, అది కూడా అందరి ముందే.

వాళ్ల అమ్మ కొమురమ్మకు ఫోన్ చేశాను. విశ్రాంతి గురించి నాకు తెలిసిందంతా చెప్పాను. ఆమె ఓపికగా విని, చివరికి అడిగింది:

"ఉరుకొద్దన్నరు, ఉరుకలే గద సార్. పత్తి ఏరుడు గూడ ఉరుకుడేనా?"

కాళ్లకు, నడుముకు అది కూడా పనేనమ్మా అన్నాను. పెండ్లికెదిగిన పిల్ల ఉత్తగ కూసుంటే ఊరు ఏమంటదని ఆమె అడిగింది. తల పట్టుకుని ఫోన్ పెట్టేశాను.

ఆర్‌ఐ గారి దగ్గరికి పోయి సంగతంతా చెప్పాను. స్వరూపకు ఔట్‌పాస్ ఆపి, ఆదివారం గేటు దగ్గర కుర్చీలో కూర్చుని వచ్చేపోయేవాళ్ల పేర్లు రాసే పని ఇప్పించమన్నాను. ఆయన నవ్వి డ్యూటీ కాగితం మీద సంతకం పెట్టారు. మళ్లీ కొమురమ్మకు ఫోన్ చేసి, ఆదివారం మీ బిడ్డకు గేటు డ్యూటీ పడిందని చెప్పాను.

"డ్యూటీనా? గట్లయితె పంపకుండ్రి సార్. పత్తిదేముంది, మేమే ఏరుకుంటం."

విశ్రాంతి అంటే వినని మనిషి డ్యూటీ అంటే ఒక్క మాటకే ఒప్పుకుంది. నవ్వాలో ఏడ్వాలో తెలియలేదు.

అంతటితో తీరిందా అంటే, లేదు. మొదటి ఆదివారం మధ్యాహ్నం నేను గేటు వైపు పోతే కుర్చీ ఖాళీగా ఉంది. గేటు గది వెనక గోడ చాటున స్వరూప గుంజీలు తీస్తోంది.

"ఏంది బిడ్డా ఇది?" అన్నాను.

"ఊకె కూసుంటె పానం గుంజుతుంది సార్. అందరు ముందుకు పోతున్నట్లనిపిస్తుంది."

"వాళ్లు గూడ ఇయ్యాల పండుకునే ఉన్నరు. కూసో."

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం ఇంకో కుర్చీ తెచ్చుకుని ఆమె పక్కనే కూర్చున్నాను. నా ఆఫ్‌లన్నీ ఆమె చేత ఆఫ్ తీసుకునేట్టు చేయడానికే సరిపోయాయి. రెండో సోమవారానికి నొప్పి తగ్గింది. పోటీ నాడు ఐదు నిమిషాల తొమ్మిది సెకన్లకు గీత దాటింది. మిగతా రెండు పోటీలూ, లాంగ్‌జంప్, షాట్‌పుట్, నెగ్గి, రాత పరీక్షకు అర్హత తెచ్చుకుంది.

ఆ సాయంత్రమే కొమురమ్మ నాకు ఫోన్ చేసింది. సంతోషం చెప్పడానికేమో అనుకున్నాను.

"ఉరుకుడు అయిపాయె గద సార్. రేపు పొద్దుగాల బస్సుకే తోలుండ్రి, ఆఖరి ఏరుడు మిగిలింది."

పంపాను. ఆ తర్వాత శిబిరానికి వచ్చిన పిల్లల్లో ఆఫ్ ఇచ్చిన ప్రతి ఒక్కరినీ ఆ రోజు ఎక్కడుంటావు, ఏం పని చేస్తావు అని అడిగి రాసుకున్నాకే ఔట్‌పాస్ సంతకానికి పంపేవాణ్ని. పరుగు నేర్పేవాడు గ్రౌండ్‌లో చేసే పని లెక్క ఒక్కటే చూస్తే చాలదు. ఇంటికాడ చేసే పని కూడా ఆ కాళ్ల మీదే పడుతుంది.