అన్న దాచిన చేపల జాగలు

జెద్దాల పడవల మిషన్లు బాగుచేసే దుకాన్ల పనిచేస్త. ఇయ్యాల పొద్దుగాల అబూ సాలెం అనే ముసలాయన, చనిపోయిన వాళ్లన్న నోట్‌బుక్ పట్టుకొచ్చిండు. కువైట్ లడాయి అప్పటిది. అప్పట్ల వాళ్ల పడవల్ల జీపీఎస్ లేదు, ఒడ్డు మీది టవర్ల సిగ్నల్ పట్టే రేడియో మిషన్ ఉండేదట. చేపలు బాగ పడే ఒక్కో జాగకు అది చూపిన రెండేసి నంబర్లు ఆ అన్న రాసిపెట్టుకున్నడు. వాటిని జీపీఎస్‌ల ఎక్కియ్యాలె.

ఆ నంబర్లను కంప్యూటర్ల జీపీఎస్ లెక్కకు మార్చి మ్యాప్ మీద పెడితే పద్నాలుగు జాగలు పోయి ఎడారిల పడ్డయి! నాదే తప్పనుకొని మూడుసార్లు చేసిన. కానీ నోట్‌బుక్ అట్ట మీద రాసిన రెండు నంబర్లు, పడవలు కట్టే జాగయి, సరిగ్గ రేవులనే పడ్డయి. అంటే నా లెక్క మంచిగనే ఉన్నది. చేపల జాగల అసలు నంబర్లకే ఆ అన్న కావాలని ఏదో నంబరు కలిపి రాసిండు.

"ఎవ్వలు చూస్తరని దాచిండు బాబా?" అని అడిగిన.

ముసలాయన మ్యాప్ దిక్కు చూసుకుంట శాన సేపు నవ్విండు. "మాది చెరో పడవ. నేనే చూస్తనని."

"మరి ఇప్పుడేం చేద్దాం?"

"అట్లనే ఎక్కియ్యి. అన్న గెలిచిండు, గెలవనీ."

ఎడారిల పద్నాలుగు జాగలు ఎక్కిచ్చి ఇచ్చిన. గని ఏం కలిపిండో నా మనసుల నుంచి పోతలేదు. మీరైతే తమ్మునికి దొరకకుంట ఏ నంబరు కలుపుదురు? తోస్తే నాకు చెప్పుండ్రి, అబూ సాలెంకు మాత్రం చెప్పకుండ్రి.