తాడిపత్రి బండల దగ్గర లేనివాళ్లు

దుమ్ములో ఎంత ఎక్కువ కాలం పనిచేస్తే ఊపిరితిత్తులు అంత బాగుంటాయని నా లెక్క తేల్చింది. మూడుసార్లు వేశాను. మూడుసార్లూ అదే వచ్చింది. అందుకని తాడిపత్రి బయలుదేరాను.

నేను అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. మా వీధిలో ఉండే ఛాతీ డాక్టరు గారు తాడిపత్రి బండల పాలిష్ యూనిట్లలో క్యాంపు పెట్టి, పనివాళ్లందరి చేతా ఊపిరి బలం కొలిచే గొట్టంలోకి ఊదించి, ఆ అంకెలు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. వయసు, ఎత్తు, బీడీ అలవాటు అన్నీ సరిచేసి చూశాను. అయినా ఏళ్ల తరబడి దుమ్ము పీల్చినవాళ్ల ఊపిరే కొత్తవాళ్ల కంటే బలంగా కనిపించింది. ఆ లెక్క ప్రకారం బండల దుమ్మును పిల్లలకు పాలల్లో కలిపి తాగించొచ్చు. క్యాంపుకు చోటిచ్చిన యజమానులు రిపోర్టు కోసం ఎదురుచూస్తున్నారు.

"శుక్రవారానికి ఇస్తానన్నాను మేడం," అన్నారు డాక్టరు గారు.

అది అలాగే పోతే, దుమ్ము లేవకుండా నీళ్లు పెట్టమని ఇకమీదట ఎవరూ ఆ యజమానులను అడగలేరు. అడిగితే నా సంతకం చూపిస్తారు.

మంగళవారం పొద్దున ఆరూ నలభైకి బస్టాండులో పల్లెవెలుగు ఎక్కాను. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి కండక్టరు ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్ కొట్టి ఇచ్చాడు. పక్క సీట్లో చీనీకాయల సంచి ఒళ్లో పెట్టుకుని ఒక పెద్దామె కూర్చుంది.

"యాడికి పోతాండావమ్మా?"

"తాడిపత్రికి. రాళ్ల దుమ్ముతో ఆరోగ్యం ఎంత చెడుతుందో లెక్క వేయాలి."

ఆమె ఒక కిలోమీటరు దూరం ఆలోచించింది. "అంత దూరం ఏంటికి పోవల్ల? కిటికీలోంచి చెయ్యి బయట పెట్టు, కావల్సినంత దుమ్ము ఈడనే ఉండాది," అంది. తర్వాత శింగనమల క్రాస్ దాకా నిద్రపోయి, సరిగ్గా క్రాస్ దగ్గర లేచి దిగిపోయింది. రోడ్డుకు రెండు పక్కలా ఎండిన చేన్లు. వేరుశనగ మొక్కలు బెత్తెడు లేచి ఆగిపోయాయి.

ఎనిమిదిన్నరకు తాడిపత్రిలో దిగాను. బస్టాండు ఎదురుగా ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. బజ్జీ కారం. పక్కనే లాడ్జిలో గది తీసుకుని సంచి పడేసి, ఆటో మాట్లాడుకుని యూనిట్ల వైపు పోయాను.

మొదటి షెడ్డులో సూపర్‌వైజరు మర్యాదస్తుడు. ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి, తన తువ్వాలతో తుడిచి వేశాడు. టీ వచ్చేలోపు కుర్చీ చేతులు మళ్లీ తెల్లబడ్డాయి. బండలు కోసే మిషన్ల మీద నీళ్లు పడుతున్నాయి, అక్కడంతా బురద. షెడ్డు చివర అంచులు చెక్కే చేతి మిషన్లకు మాత్రం నీళ్లు లేవు. అక్కడ మనుషులు ముఖాలకు తువ్వాళ్లు చుట్టుకుని, తెల్లటి మబ్బులో వంగి ఉన్నారు.

నా కాగితాల్లో అందరికంటే బలమైన ఊపిరి ఓబులేసుది. కోత మిషన్ దగ్గర ఉన్నాడు. యాభై ఏళ్లుంటాయి, గుండ్రాయిలాంటి మనిషి.

"ఇరవై రెండేండ్లాయ మేడం. ఒక్క దినం జరం రాలేదు," అన్నాడు. "మా నాయనా ఇంతే, గట్టి మనిషి."

పనిలో చేరిన సంవత్సరం సరిచూసుకుందామని, నీతోపాటు చేరినవాళ్లు ఎవరని అడిగాను.

"పదకొండు మందిమి ఒక్క వారంలో చేరినాం."

"మిగతా పదిమంది ఏ షెడ్డులో ఉన్నారు?"

ఓబులేసు నన్ను జాలిగా చూశాడు. "యాడుంటారు మేడం? అందరూ పోయినారు. దగ్గు పట్టినోడు బండ ఎత్తలేడు కదా. ఎవురూ తీసేయల్సిన పని లేదు. వాళ్లే ఊరికి పోతారు."

నేను తెల్లటి కుర్చీలో కూర్చున్నాను. ఈ పొరపాటు గురించి రెండో సంవత్సరం పిల్లలకు ఏటా పాఠం చెబుతాను. ఒంట్లో శక్తి ఉన్నవాడే పనిలో మిగులుతాడు. మిగిలినవాణ్నే కొలిస్తే పని మంచిదని తేలుతుంది. పరీక్షలో అయిదు మార్కులకు అడుగుతాను కూడా. నాకు అయిదుకు సున్నా.

ఆ పదిమంది పేర్లూ, ఊర్లూ చెప్పమన్నాను. ఓబులేసు వేళ్లు మడుస్తూ చెప్పాడు. ఆరో పేరు దగ్గర ఆగాడు. "నారాయణప్ప. శింగనమల పక్క పల్లె. నేనూ వాడూ ఒకే గదిలో ఉండేవాళ్లం. సేద్యం చేసుకుంటాండాడేమో." కాసేపు మిషన్ వైపు చూసి, "రేపు కరెంటు ఉండదు, షెడ్డు బందు. నేనూ వస్తా," అన్నాడు.

బుధవారం ఏడున్నరకు ఇద్దరం బస్సెక్కాం. ఓబులేసు ఇస్త్రీ చొక్కా వేసుకుని, స్నేహితుడికని జిలేబీ పొట్లం తెచ్చాడు. దారిలో ఆ గదిలో వండుకున్న కూరల గురించి చెబుతూనే ఉన్నాడు. శింగనమలలో దిగి ఆటోలో పల్లెకు చేరేసరికి తొమ్మిదిన్నర.

నారాయణప్ప ఇంటి ముందు గోడ నీడలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ముందుకు వంగి ఉన్నాడు. ఓబులేసు అతన్ని దాటి, లోపల ఎవరైనా ఉన్నారా అని తలుపులోకి తొంగిచూశాడు. గుర్తుపట్టలేదు.

"ఏమప్పా... ఓబులేసూ," అని మంచం మీది మనిషి ఆగి, ఊపిరి తీసుకుని, "లావైనావు," అన్నాడు.

ఓబులేసు జిలేబీ పొట్లం పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

నారాయణప్ప భార్య లక్ష్మీదేవి నీళ్లు తెచ్చింది. "టీబీ అని రెండుసార్లు మందులిచ్చినారు. పూర్తిగా మింగినాడు. తగ్గల్యా," అంది. "యాడ పనిచేసినావని మాత్రం ఎవురూ అడగల్యా."

నా సంచిలో ముల్లు కదిలే చిన్న ప్లాస్టిక్ గొట్టం ఉంది. గట్టిగా ఊదితే ముల్లు ముందుకు పోతుంది. మూడుసార్లు ఊదించాలని నియమం. మొదటిసారి ముల్లు కొంచెం కదిలింది. రెండోసారి అంతకంటే తక్కువ. మూడోసారి దగ్గు వచ్చింది. చాలన్నాను. "ఉండు మేడం, ఇంకోసారి ఊదుతా," అని అతను గొట్టం వదల్లేదు. లక్ష్మీదేవి అతని వేళ్లు విడదీసి తీసుకోవాల్సి వచ్చింది.

అప్పుడు ఓబులేసు నాతో అన్నాడు, నారాయణప్పను చూడకుండా. "నీళ్లు లేని ఆ పొడి మిషన్ మీదికి మేస్త్రీ మొదట నన్నే పొమ్మన్నాడు మేడం. నాకు సరిపడదంటి. వీడు పోయినాడు."

"నువ్వు చెప్తే పోయినానా?" అన్నాడు నారాయణప్ప. ఊపిరి తీసుకున్నాడు. "ఆడ కూలి ఎక్కువ. నేనే ఎగేసుకోని పోయినా." మళ్లీ ఊపిరి తీసుకున్నాడు. "ఆ పొట్లం ఇయ్యి ఇట్ల."

జిలేబీ సగం తిన్నాడు. మిగతా సగం ఓబులేసు చేత తినిపించాడు. లక్ష్మీదేవి మా ఇద్దరికీ సంగటి, చెనిక్కాయల చట్నీ పెట్టింది. వద్దంటే వినలేదు.

అదే పల్లెలో జాబితాలోని ఇంకో పేరు ఉంది. ఆ ఇంట్లో మనిషి లేడు, గోడకు ఫోటో ఉంది. అతని భార్యను వివరాలు అడిగాను. "పని మానింది చెనిక్కాయలు పీకే కాలం. పోయింది మళ్లా విత్తనం ఏసే కాలం," అంది. నా ఫారంలో దానికి గడి లేదు. పక్కన ఖాళీలో రాసుకున్నాను. ఓబులేసు ఫోటో ముందు చెప్పులు విడిచి నిలబడ్డాడు.

మధ్యాహ్నం మూడింటికి శింగనమల చేరాం. తాడిపత్రి బస్సు ముందు వచ్చింది. ఓబులేసు మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగాడు.

"మా బామ్మర్ది ఇప్పుడు ఆ పొడి మిషన్ మీదనే ఉండాడు. రేపు పొద్దున్నే దానికి నీళ్ల పైపు కడతా. మేస్త్రీ అరుస్తాడు."

"అరిస్తే?"

"అరవనీ."

అనంతపురం బస్సు నాలుగున్నరకు దొరికింది. కిటికీ పక్కన సీటు.

ఈ దారిన పోదలచినవాళ్లకు నేను చెప్పగలిగేది ఇంతే. పొద్దున బయలుదేరండి, ఎండ ఎక్కువ. నీళ్లు తీసుకుపోండి. తాడిపత్రిలో మనుషులు మర్యాదస్తులు, ఏది అడిగినా చెబుతారు. అయితే అడగాలి. ఊపిరి బాగున్నవాళ్లంతా రోడ్డు పక్కనే, షెడ్డుల్లోనే కనిపిస్తారు. మిగతావాళ్లను చూడాలంటే ఇంకో బస్సు మారాలి.

ఊరు దగ్గర పడుతుండగా డాక్టరు గారు ఫోన్ చేశారు.

"శుక్రవారం రిపోర్టు ఇవ్వగలమా మేడం?"

"ఇవ్వలేం. ఒక్క షెడ్డు నుంచే ఇంకా ఎనిమిది మంది మిగిలారు. మిగతా షెడ్డులు అడగనే లేదు."

"వాళ్లను ఎప్పుడు రమ్మందాం?"

"వాళ్లు రాలేరు. మనమే పోవాలి."

యజమానులకు ఏదో ఒకటి చెప్పుకోవాలి అని గొణిగారు డాక్టరు గారు. తర్వాత కాగితం, పెన్ను తీసిన చప్పుడు వినిపించింది.

"శింగనమలకు పొద్దున్నే బస్సులు ఎన్నింటికి ఉంటాయి మేడం?"