దుఃఖాంతాలు తాలు కాయలా, సార్?

ఆ రోజుల్లో గుంటూరు గడ్డ మీద నేనొక మహాయుద్ధం చేశాను. వందల ఏళ్లుగా లోకం నెత్తిన పెట్టుకున్న ఇంగ్లీషు నాటకకర్త ఒకవైపు, ఒంటరిగా నేనొకవైపు. ఈ గాథ చదవాలంటే గుండె నిబ్బరం కావాలి... అని మొదలుపెడదామనుకున్నాను గానీ, అంత లేదు. జరిగింది ఒక డెమో క్లాసు. ఉద్యోగం కావాలంటే ముందు ప్రిన్సిపాల్ ఎదుట పాఠం చెప్పి చూపించాలి, అదీ సంగతి.

ఎమ్మే ఇంగ్లీషు అయ్యాక తోటివాళ్లంతా తలో ఊళ్లో సర్దుకుంటే, గుంటూరు శివారు నల్లపాడులో స్టేషను పక్క గదిలో నేనొక్కణ్ణే మిగిలాను. మా ఊరు దర్శికి పోవచ్చు. పోతే మిరపకాయ కోతకొచ్చినవాళ్లు కూడా "ఉద్యోగం ఏమైందబ్బాయ్?" అంటారు. (నల్లపాడులో ఎవరూ ఏమీ అడగరు. దాని సుఖమూ అదే, కష్టమూ అదే.) రోజంతా నాతో మాట్లాడేది స్టేషను మైకులో ఆవిడొక్కతే. "దయచేసి వినండి" అనేది. వినేవాణ్ణి. ఒకసారి "చెప్పండి" అని పైకే అనేశాను కూడా. సాయంత్రం అమ్మ ఫోన్ చేసి "తిన్నావా?" అంటే, పొద్దుటి నుంచీ వాడని గొంతు కీచుమనేది. "జలుబు చేసిందేంట్రా?" "ఆఁ, కొంచెం." అంచేత ఊరి చివర ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీవాళ్లు డెమోకి రమ్మంటే జీతం ఎంతని కూడా అడగలేదు. ఎదురుగా కూర్చుని వినే మనుషులు ఉంటారు, చాలు. మార్కర్ కూడా సొంతంగా కొనుక్కెళ్లాను.

ప్రిన్సిపాల్ గారు వెనక బెంచీలో కూర్చుని "కానివ్వండి" అన్నారు. ఆ మహానుభావుడి నాటకాలు మూడు రకాలని చెప్పి, బోర్డు మీద మూడు గళ్లు గీశాను: సుఖాంతాలు, దుఃఖాంతాలు, రాజుల చరిత్రలు. క్లాసులో ఒక్క పెన్ను కదల్లేదు. భయమేసి మిరపకాయలు ఆరబోసే మా కల్లాన్ని తలుచుకున్నాను. "ఎండు మిరపకాయలు ఏరడం ఎప్పుడైనా చూశారా?" అన్నాను. "చూడ్డమేంటి సార్, నిన్న ఏరే వచ్చా" అన్నాడొకడు. ఇక నాకు పూనకం. పెళ్లిళ్లతో ముగిసే సుఖాంతాలు నిగనిగలాడే మేలురకమన్నాను. రాజుల చరిత్రలు మధ్యరకమన్నాను. చివరికి అందరూ చచ్చే దుఃఖాంతాలు రంగు పోయి తెల్లబడ్డ తాలు కాయలన్నాను. అంతటితో ఆగొచ్చుగా! "అయితే ఆయనకు ఇంత పేరు తెచ్చినవి మాత్రం దుఃఖాంతాలే" అని కూడా అన్నాను.

రెండో బెంచీలో ఒకమ్మాయి లేచింది. "తాలుకి ధర రాదు కదండీ! మరి వాటికే అంత పేరెలా వచ్చింది సార్?"

ఎమ్మేలో నన్నెవరూ ఈ ప్రశ్న అడగలేదు. నేను మార్కర్ మూత తీస్తూ పెడుతూ నిలబడ్డాను.

"రంగేగా పోయేది, ఘాటు పోద్దా?" అన్నాడు నిన్న ఏరొచ్చినవాడు.

"ఘాటుంటే మీ నాన్న ఎందుకు వేరుగా ఏరిస్తున్నాడ్రా?" అన్నాడు పక్కవాడు.

"నవ్విస్తా నవ్విస్తా చంపేస్తే అది ఏ కుప్పలో ఎయ్యాలి సార్?" అంది మళ్లీ ఆ అమ్మాయే.

క్లాసంతా ఒకటే గోల. గొడవ ఆపుతారనుకున్న ప్రిన్సిపాల్ గారు తనే లేచారు. "ఏ కుప్పలోనూ చేరని కాయలు కూడా ఉంటాయమ్మా. మా నాన్న వాటిని అమ్మేవాడు కాదు, ఇంటికి ఉంచేవాడు" అన్నారు. అందరం నవ్వాం. మనుషుల మధ్య నవ్వి ఎన్నాళ్లయిందో, నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. "రేపు కూడా మీరేనా సార్?" అంది ఆ అమ్మాయి. నేను ప్రిన్సిపాల్ గారి వంక చూశాను. "ఫోన్ చేస్తాం" అన్నారాయన.

ఆ సాయంత్రం గొంతు బొంగురుపోయింది. "జలుబు ఇంకా తగ్గలేదా?" అంది అమ్మ. "ఇది వేరే జలుబమ్మా" అన్నాను.

వేసవంతా ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. చివరికి నేనే వెళ్లాను. "ఇంగ్లీషు సాహిత్యంలో ఇద్దరే చేరారండి, కోర్సు తీసేశారు" అన్నాడు ఆఫీసు గుమాస్తా. "మరి ఆ రోజు క్లాసు నిండా ఉన్నారు?" "వాళ్లా? బీకామ్ వాళ్లు. డెమోకి బెంచీలు ఖాళీగా ఉంటే బాగోదని కూర్చోబెట్టాం." (ఆ అమ్మాయి ధర సంగతి ఎందుకడిగిందో అప్పుడర్థమైంది.)

ఇప్పుడు చీరాలలో ఒక స్కూల్లో పాఠాలు చెబుతున్నాను. రైలు కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడి మైకులో "దయచేసి వినండి" విన్నప్పుడల్లా, మైకుకి జవాబిచ్చిన ఆ నల్లపాడు కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. ఆ క్లాసు సుఖాంతమో దుఃఖాంతమో తేల్చలేక ఇంటికి ఉంచుకున్నాను. ఆ రోజు కంగారులో మార్కర్ మూత అక్కడే మర్చిపోయి వచ్చాను. మూత లేని మార్కర్ రెండు రోజుల్లో ఎండిపోయింది. దాన్నీ పారేయలేదు, ఇంటికే ఉంచుకున్నాను.