ఉల్టా అంగి మొక్కు

ఆ రోజుల్లో మనిషి విలువంతా చొక్కా కాలరు దగ్గరే మొదలవుతుందని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. అంత గట్టి నమ్మకం దేవుడి మీద పెట్టుకుని ఉంటే ఈపాటికి ఏదో ఒక వరం దొరికేది. డిగ్రీ పాసై, ఝరాసంగం పక్కన మా ఊళ్ళో కందిచేను గట్టు మీద కూర్చుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న నాకు జహీరాబాద్‌లో ఒక ట్రాక్టర్ల షోరూములో పని దొరికింది. దొరికిందంటే పూర్తిగా దొరకలేదు. కొన్నాళ్ళు చూస్తాం, నచ్చితే ముందు గదిలో అద్దాల వెనక కుర్చీ, నచ్చకపోతే వెనక గోదాములో స్పేర్‌పార్టుల మధ్య స్టూలు అన్నారు. జీతంలో పెద్ద తేడా లేదు. కానీ మా నాయన అప్పటికే ఊరంతా తిరిగి, "మావోడు అద్దాల రూముల కూసుంటడు, ఫ్యాను కింద" అని చెప్పేసి ఉన్నాడు. (ఎవరూ అడగలేదు. ఆయనే మనుషుల్ని ఆపి మరీ చెప్పాడు.) కాబట్టి గోదాముకు వెళ్ళడమంటే నేనొక్కణ్ణే వెళ్ళడం కాదు, మా నాయన మాట కూడా నాతో వచ్చి ఆ గ్రీజు డబ్బాల మధ్య కూర్చోవడమే.

షోరూము యజమానిని అందరూ సారు అనేవాళ్ళు. కోస్తా వైపు నుంచి ఎప్పుడో ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి, అది మానేసి, ఇక్కడే వ్యాపారం పెట్టుకుని స్థిరపడిన మనిషి. ఆయన భార్య మేడమ్ బిల్లుల కౌంటర్లో కూర్చునేది. మొదటిరోజే సారు నన్ను కాళ్ళ నుంచి తల దాకా చూసి, "చూడు బాబూ, ట్రాక్టరు మీద దుమ్ముంటే తుడిచి అమ్ముకుంటాం. అమ్మేవాడి మీద దుమ్ముంటే రైతు గుమ్మంలోంచే వెనక్కి పోతాడు. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు. మడత నలగకూడదు" అన్నాడు. నాతోపాటు అదే కుర్చీకి ఇంకొకడు పోటీ ఉన్నాడు. వాడి ఇల్లు షోరూము వెనక సందులోనే. ఇంట్లోంచి బయటికొస్తే షోరూములోనే అడుగు. వాడికంటే కాసేపు ముందే వాడి సెంటు వాసన వచ్చేది, వాడు వెళ్ళిపోయాక కూడా అది వెళ్ళేది కాదు. అందుకని వాణ్ణి మనసులో సెంటు తమ్ముడు అని పిలుచుకునేవాణ్ణి.

నా దగ్గర చెప్పుకోదగ్గ తెల్ల చొక్కా ఒక్కటే. అది మా మేనమామ పెళ్ళికి కుట్టించుకుని, పొట్ట పెరిగాక నాకిచ్చినది. కాలరు అరిగిపోతే టైలరు దాన్ని విప్పి, తిరగేసి మళ్ళీ కుట్టాడు. అరిగిన వైపు అడుగుకి పోయి, కొత్త వైపు పైకి వచ్చింది. రోజూ సాయంత్రం ఉతికి ఆరేసేవాణ్ణి. పొద్దున్నే కరెంటు ఉంటుందో లేదో చెప్పలేం గనక ఇత్తడి చెంబులో నిప్పులు పోసి దానితోనే ఇస్త్రీ. ప్యాంటు మడత కోసం మా అవ్వ పరుపు కింద పెట్టేవాణ్ణి. అవ్వ కదలకుండా పడుకున్న రోజు మడత కత్తిలా వచ్చేది, నిద్ర పట్టక అటూ ఇటూ దొర్లిన రోజు ఒక్కో కాలికి మూడేసి మడతలు పడేవి. బూట్లకు పాలిష్ డబ్బా కొనే బదులు పెరట్లో మందార పువ్వు తెంపి రుద్దేవాణ్ణి. ఎంత మెరిసేవంటే వంగి చూస్తే నా మొహం కనిపిస్తుందేమో అనిపించేది. అద్దం ముందు మీసాలు సరిచేసుకుంటుంటే అవ్వ గడప మీద కూర్చుని, "పెండ్లికొడుకు సుత గింతసేపు తయారుగాడు బిడ్డా" అనేది.

ఇంత తయారై బయల్దేరితే దారిలో షేర్ ఆటో ఉంది. అప్పుడు మా వైపు రోడ్డు వెడల్పు చేస్తామని తవ్వి, తవ్వినంత తవ్వి వదిలేశారు. ఎదురుగా లారీ వచ్చిందంటే ఎర్రమట్టి లేచి ఆటోలో అందరినీ పలకరించి పోయేది. తెల్లగా ఎక్కినవాణ్ణి జహీరాబాద్‌లో ఇటుక రంగులో దిగేవాణ్ణి. మొదటి వారమంతా సారు నా భుజాల వైపు చూసి మాట్లాడకుండా పోయేవాడు. తిట్టినా బాగుండేది. అప్పుడు నన్ను ఆదుకున్నది మా ఆటోలో రోజూ వచ్చే కంపౌండర్ అన్న. టౌన్లో ఒక ప్రైవేటు దవాఖానలో పని. ఎప్పుడు చూసినా ఆయన చొక్కా కడిగిన ముత్యంలా ఉండేది. నా అవస్థ చూసి ఒకరోజు చెవి దగ్గర గుట్టు విప్పాడు.

"తమ్మీ, ఆటో ఎక్కేటప్పుడే అంగి ఉల్టా తొడుక్కో. దుమ్మంత లోపటి దిక్కే పడ్తది. కాంటా కాడ దులిపి సీదా చేస్కుంటే అయిపాయె. ఫికరే లేదు."

అప్పుడు చూశాను చుట్టూ. ఆటోలో ఉన్న మగవాళ్ళందరి చొక్కాలూ ఉల్టానే! బట్టల దుకాణంలో గుమాస్తా, సెల్‌ఫోన్లు బాగుచేసే అన్న, అందరి గుండీలూ లోపలికే. నేను ఒళ్ళంతా దుమ్ము చూసుకుని ఏడవడంలో పడి ఇన్నాళ్ళూ గమనించనేలేదు. కుట్టు నేర్పే అక్క మాత్రం మంచి చీర మీద వాళ్ళాయన పాత అంగి వేసుకునేది, చేలల్లో పనిచేసే ఆడవాళ్ళు వేసుకున్నట్టే. జహీరాబాద్ రాబోయే ముందు రోడ్డు పక్కన లారీలను తూచే కాంటా ఒకటి మూతపడి ఉంది. అక్కడ ఆటో నడిపే మామ ఎవరూ చెప్పకుండానే ఆపేవాడు. (అది ఒంటేలు కోసమనుకుని మొదటి వారమంతా నేను దిగనేలేదు.) మగవాళ్ళమంతా గోడ చాటుకు పోయి, చొక్కాలు విప్పి, టపటపా దులిపి, సీదా చేసుకుని పెద్దమనుషుల్లా వచ్చి కూర్చునేవాళ్ళం. దాని పేరే ఉల్టా కాంటా. (దుమ్ము వైపు ఒంటికి తగిలి సాయంత్రం దాకా దురద పెట్టేది నిజమే. కానీ దురద ఎవరికీ కనబడదు కదా.) మర్నాటి నుంచి సారు నన్ను చూసి తల ఊపడం మొదలుపెట్టాడు.

అలా గడుస్తుండగా ఒకరోజు సాయంత్రం సారు ఇద్దర్నీ పిలిచాడు. "రేపు పట్నం నుంచి కంపెనీ వాళ్ళు వస్తున్నారు. రేపటితో తేల్చేస్తాను, ముందు గదిలో ఎవరో, గోదాములో ఎవరో" అన్నాడు. ఆ రాత్రి అవ్వను కదలకుండా పడుకోమని బతిమాలాను. ఆమె నిజంగానే పాపం బొమ్మలా పడుకుంది. పొద్దున చొక్కాకు గంజి కూడా పెట్టి, చెంబు ఇస్త్రీ చేసి, జాగ్రత్తగా ఉల్టా తొడుక్కుని ఆటో ఎక్కాను. సగం దూరం పోయామో లేదో టైరు పంక్చరైంది. అందరం దిగాం. మామ బోల్టులు విప్పుతున్నాడు, లారీలు పోతున్నాయి, దుమ్ము లేస్తోంది. అంతలో ఝరాసంగం వైపు నుంచి ఒక కారు వచ్చి మమ్మల్ని దాటి, ఆగి, వెనక్కి వచ్చింది. అద్దం దిగింది. లోపల సారూ మేడమూ, నుదుట బొట్లతో. మంచిరోజని పొద్దున్నే గుడికి వెళ్ళి వస్తున్నారట.

"చెప్పానా, మన అబ్బాయేనండీ!" అంది మేడమ్.

"ఎక్కవయ్యా, ఇవ్వాళ కూడా ఆలస్యమైతే ఎలా?" అన్నాడు సారు. అన్నాక నా వైపు సరిగ్గా చూశాడు. నేను టిఫిన్ డబ్బా గుండెకు అడ్డం పెట్టుకున్నాను. ఒక టిఫిన్ డబ్బా ఎంతని దాస్తుంది? కుట్లన్నీ బయటికే, మెడ వెనక టైలరు పేరు బయటికే, అన్నిటికంటే ఘోరం, తిరగేసి కుట్టించిన కాలరు మళ్ళీ తిరగబడి అరిగిన వైపు పోగులతో సహా బయటికే. "అదేంటయ్యా, చొక్కా తిరగేసుకున్నావు?"

నిజం చెబితే నాతోపాటు ఆటోలో అందరి గుట్టూ రోడ్డున పడుతుంది. నేను నీళ్ళు నములుతుంటే, తన ఉల్టా చొక్కా మీద తువ్వాల కప్పుకుని కంపౌండర్ అన్న ముందుకొచ్చాడు.

"మొక్కు సార్! తమ్మికి మొక్కున్నది."

"ఏం మొక్కు బాబూ?" మేడమ్ కళ్ళు పెద్దవయ్యాయి.

"నౌకరి పక్కా అయ్యెదాంక అంగి ఉల్టానే తొడుగుత అని ఇయ్యాల పొద్దుగాల్నే మొక్కిండమ్మా. మస్తు నిష్ట మనిషి!"

అన్న నా ప్రాణం కాపాడాననుకుని మురిసిపోయాడు. నేనూ అలాగే అనుకుని కారెక్కాను. తెల్లటి సీటు కవర్లకు నా వీపు తగలకుండా ముందుకు వంగి కూర్చున్నాను. దూరంగా కాంటా గోడ కనబడగానే ధైర్యం తెచ్చుకుని, "సార్, ఇక్కడ ఒక్క నిమిషం ఆపితే చొక్కా సరిచేసుకుంటాను. కంపెనీ వాళ్ళు వస్తారు కదా" అన్నాను.

"ఆపకండి!" అంది మేడమ్. "పొద్దున మొక్కుకుని పొద్దున్నే తప్పుతావా? మా తమ్ముడు తలనీలాల మొక్కు వాయిదా వేశాడు. ఏమైంది? కొత్త స్కూటరు పోయింది."

"వాడు తాళం వేయడం మర్చిపోతే పోయిందది" అని సారు గొణిగాడు.

"ఎందుకు మర్చిపోయాడంటారు మరి?"

సారు గేరు మార్చి వేగం పెంచాడు. ఉల్టా కాంటా నా కళ్ళ ముందే వెనక్కి వెళ్ళిపోయింది.

షోరూములో బంతిపూల తోరణాలు కట్టి ఉన్నాయి. సెంటు తమ్ముడు గుమ్మంలో మెరిసిపోతూ నన్ను చూసి, పాపం, నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడ్డాడు. అంతలో కంపెనీ వాళ్ళు కోహీర్ క్రాస్ దాటాం, వచ్చేస్తున్నాం అని ఫోను చేశారు. సారు కంగారుగా నా వైపు తిరిగి, "నువ్వు వాళ్ళు వెళ్ళేదాకా గోదాములో కూర్చో బాబూ" అన్నాడు. తిట్టలేదు, మెల్లగానే అన్నాడు. అందుకే ఎక్కువ బాధేసింది. వెళ్ళి టైర్ల మధ్య స్టూలు మీద కూర్చున్నాను. పైన ఫ్యాను లేదు, ఫ్యాను ఉండాల్సిన చోట కొక్కెం ఉంది. మా నాయన ఎంతమందికి చెప్పాడో ఒక్కొక్కరే గుర్తొచ్చారు. అవ్వ కదలకుండా పడుకోవడం కూడా గుర్తొచ్చింది. ఏడుపు వచ్చింది, కానీ చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకుంటే మట్టి అంటుతుందని ఊరుకున్నాను.

కాసేపటికి తలుపు దగ్గర మేడమ్ గొంతు వినబడింది. సారును వెంటబెట్టుకుని వచ్చింది.

"నా మాట వినండి. ఉద్యోగం పక్కా అయితే మొక్కు తీరినట్టేగా? ఆ మాట మీరు అనేస్తే చొక్కా సరిచేసుకుంటాడు. మన షాపులో మొక్కు తప్పితే ఆ దోషం ఎవరికండీ?"

"ఇలా మొక్కులకు ఉద్యోగాలిస్తే రేపటినుంచి..."

"ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నారుగా. అంత దూరం నుంచి వచ్చేవాడు వెనక సందులోంచి వచ్చేవాడికంటే శుభ్రంగా ఉంటున్నాడని మొన్న మీరే అన్నారు."

ఆయన అలా అన్నాడని నాకప్పుడే తెలిసింది. బయట కారు హారన్ మోగింది. సారు నన్నూ, గోదామునూ, మేడమ్‌నూ వరుసగా చూసి పెద్ద నిట్టూర్పు విడిచాడు. "సరే, నీ ఉద్యోగం పక్కా."

"ముందు గదిలోనా సార్?" అని అడిగేశాను. (ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.)

"ముందు గదిలోనే! అసలు ముందు ఆ చొక్కా తిప్పవయ్యా!"

టైర్ల వెనక్కి పరుగెత్తి, విప్పి, టపటపా దులిపి తొడుక్కుని వచ్చాను. పొద్దుటి నుంచి ఒక్క రేణువు కూడా తగలని తెలుపు, గంజితో నిలబడిన కాలరు, మందార పాలిష్ బూట్లు. కంపెనీ పెద్దాయన నాకు చేయి కలిపి, "ఇంత దుమ్ములో ఈ అబ్బాయి చొక్కా చూడండి సార్, ఎలా ఉందో" అన్నాడు. సారు గుమ్మం బయట దుమ్మునూ, నా చొక్కానూ మార్చి మార్చి చూశాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళి చెబితే మా నాయన మొత్తం కథ విని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "ఫ్యాను మంచిగ తిరుగుతదా?" తిరుగుతుంది నాయనా అన్నాను. ఆయన వెంటనే తువ్వాల భుజాన వేసుకుని ఊళ్ళోకి వెళ్ళాడు.

కథ అక్కడితో అయిపోతే నాకు బాగుండేది. మరుసటి వారం సారూ మేడమూ మళ్ళీ పొద్దున్నే గుడికి బయల్దేరి, సరిగ్గా ఆటో ఆగిన సమయానికే ఉల్టా కాంటా మీదుగా వెళ్ళారు. జహీరాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్ళకు ఆ గోడ వెనక అంతా కనబడుతుందని అప్పటిదాకా మాకు తట్టలేదు. తిరిగి వచ్చాక మేడమ్ కౌంటర్లోంచి నన్ను పిలిచి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "బాబూ, మీ దేవుడు మహా శక్తిగల దేవుడయ్యా! నీ మొక్కు ఫలించిందని తెలిసి ఆటో మొత్తం మొదలుపెట్టేశారు" అంది. ఆమె మొహంలో నవ్వు ఎంత వెతికినా దొరకలేదు. పక్కన సారు పేపరు అడ్డం పెట్టుకుని చదువుతున్నాడు. పేపరు మాత్రం గజగజా వణుకుతోంది.

ఇప్పుడు ఆ షోరూములో కుర్రాళ్ళను తీసుకునే పని నాదే. రోడ్డు బాగుపడింది, నాకు ఏసీ కారుంది, బీరువాలో చొక్కాలు కుక్కినట్టు ఉన్నాయి. అయినా నిన్న పొద్దున కౌంటర్ దగ్గరికి పోతే మేడమ్ కళ్ళజోడు సవరించుకుని, "ఏం బాబూ, మళ్ళీ ఏదైనా మొక్కుకున్నావా?" అంది. చూసుకుంటే చొక్కా నలిగి ముద్దగా ఉంది, పొట్ట దగ్గర టీ మరక, బూట్లు రంగు మర్చిపోయి చాలాకాలమైంది. అద్దాల గదిలో ఫ్యాను కింద కూర్చుని, చెంబు ఇస్త్రీ చేసి గోడ చాటున చొక్కా దులుపుకున్న ఆ సన్నటి కుర్రాణ్ణి తలుచుకుని నాలో నేనే నవ్వుకున్నాను. ఆ రోజుల్లో ఈ కుర్చీలో వాడుండి, ఇవ్వాళ్టి నేను ఉద్యోగానికి వస్తే, మారుమాట లేకుండా నన్ను గోదాముకు పంపేవాడు.