వార్డు మీటింగుకు పట్టుచీర

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కితే నా పక్క సీట్లో పట్టుచీర కట్టుకున్న ఒక పెద్దావిడ కూర్చుని ఉంది.

"పెళ్లికా, పెద్దమ్మా?" అన్నాను.

"కాదు బిడ్డా, వార్డు మీటింగుకు. మా గల్లీ మురికి మోరీల గురించి ఏమంటరో కూసోని వింట. ఎవరన్న వింటున్నరంటే జర సోయితోని, ఒళ్లు దగ్గర పెట్టుకొని మాట్లాడుతరు."

"లోపలికి రానిస్తారా?"

"పోయినసారి రానియ్యలే. ఒక్కదాన్నే ఉంటి." నవ్వింది కానీ, సర్దిన కుచ్చిళ్లనే మళ్లీ మళ్లీ సర్దుకుంటోంది.

నేను దిగాల్సిన స్టాపు ఇంకా రాలేదు. అయినా ఎల్బీనగర్‌లో ఆమె వెనకే దిగాను. వార్డు ఆఫీసు గుమ్మం దగ్గరున్నతను "ఎవరు మీరు?" అన్నాడు.

"వినడానికొచ్చాం" అన్నాను. ఇద్దరినీ చూసి పక్కకు జరిగాడు.

వెనక వరసలో కుర్చీని కొంగుతో తుడిచి, "కూసో బిడ్డా" అంది.

ఆ రోజు నేనెక్కడికి బయల్దేరానో ఇప్పుడు గుర్తులేదు.